ఒర్వియేతో డువోమో ముందు ఫోటోలు ఎలా తీయాలి: పొద్దున్నే పరిగెత్తకండి, మధ్యాహ్నం దాకా ఆగండి

ముందు నేను చేసిన తప్పు చెప్తా, ఎందుకంటే రోమ్ నుంచి డే ట్రిప్ వేసే మనవాళ్ళు చాలామంది అదే చేస్తారు. మొదటిసారి ఒర్వియేతో వెళ్ళినప్పుడు పొద్దున ట్రైన్ పట్టుకుని పదింటికల్లా డువోమో, అంటే ఆ ఊరి పెద్ద చర్చి, ముందు నిలబడ్డా. సూర్యుడేమో చర్చి వెనకాల ఉన్నాడు, ముందు గోడ మొత్తం నీడలో ఉంది, ఆకాశం తెల్లగా కాలిపోయింది, అయినా ఆగకుండా 150 ఫోటోలు తీశా. ఇంటికొచ్చి చూస్కుంటే అంత బంగారు మొజాయిక్కూ (చిన్న గాజు ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) పసుపు కలిపిన సిమెంట్ రంగులో ఉంది. పైగా ఆరోజు కడుపు నిండా పాస్తా తిని రెండింటి ట్రైన్‌కి దిగిపోయా, అంటే సరిగ్గా అక్కడ లైట్ మొదలయ్యే టైంకి! రెండోసారి మధ్యాహ్నం పన్నెండుకి వెళ్ళి రాత్రి దాకా ఉన్నా. ఇప్పుడు రాసేదంతా ఆ రెండోసారి నేర్చుకున్నది.

ఒర్వియేతో అంటే ఇటలీలో ఉంబ్రియాలో, రోమ్‌కీ ఫ్లారెన్స్‌కీ మధ్యలో ఉన్న ఊరు. టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వతపు రాయితో ఏర్పడిన ఒక బల్లపరుపు కొండ మీద, చుట్టూ నిట్టనిలువు అంచులతో, ఊరు మొత్తం పైన కూర్చుని ఉంటుంది. ఆ ఊరి నడుమ పియాజ్జా దెల్ డువోమో. చిన్న స్క్వేర్, పెద్ద చర్చి, ఫోటోగ్రఫీ కష్టమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

స్టెప్ 1: గోడ ఏ దిక్కు చూస్తోందో ముందు తెలుసుకోండి

పాత చర్చిలు చాలావాటికి బలిపీఠం తూర్పు వైపు, ముందు తలుపు పడమర వైపు ఉంటాయి. ఒర్వియేతో డువోమో ముఖం కూడా పడమర-నైరుతి వైపే. కాబట్టి పొద్దునంతా నీడే, ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా ఏం చేయలేం. మధ్యాహ్నం ఒంటిగంట అటూఇటూగా ఎండ గోడని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. ఆ అరగంటా గంటా శిల్పాలకి. ఆ తర్వాత మెల్లగా గోడ మొత్తం మీద పడుతుంది, మూడు నాలుగింటికి బంగారం మండుతుంది, అది మొజాయిక్‌లకి. ఇక సాయంత్రం అయ్యేసరికి ఎదురుగా ఉన్న ఇళ్ళ నీడ కింద నుంచి పైకి పాకుతూ వస్తుంది, తలుపులు చీకట్లోకి పోతాయి, పైన త్రికోణాల శిఖరాలు మాత్రం ఎర్రగా వెలుగుతుంటాయి. ఈ మూడూ మూడు వేర్వేరు ఫోటోలు, ఒకే గంటలో మూడూ కావాలంటే కుదరదు.

సీజన్ బట్టి టైం బాగా మారుతుంది. జూన్‌లో సూర్యాస్తమయం దాదాపు 8:50కి, డిసెంబర్‌లో 4:40కే అయిపోతుంది. ఫోటోపిల్స్ లాంటి యాప్ ఉంటే తేదీ పెట్టి ఎండ ఏ కోణంలో వస్తుందో చూస్కోండి, లేకపోతే మామూలు మ్యాప్‌లో చర్చి ఎటు తిరిగి ఉందో చూసినా చాలు. ఈ ఒక్క అలవాటు సియెనాలో అయినా లుక్కాలో అయినా పనికొస్తుంది.

స్టెప్ 2: చేరుకోవడం, సామాను

రోమ్ టెర్మినీ నుంచి రీజినల్ ట్రైన్‌లో గంటంపావు నుంచి గంటన్నర. స్టేషన్ కొండ కింద ఉంటుంది, ఎదురుగానే ఫ్యునిక్యులర్, అంటే పట్టాల మీద తాడుతో లాగే రైలు డబ్బా, మిమ్మల్ని పియాజ్జా కాహెన్ దగ్గర దింపుతుంది. 1888లో మొదలైనప్పుడు నీళ్ళ బరువుతో నడిచేదట, ఇప్పుడు కరెంటే. అక్కడి నుంచి చిన్న బస్ ఉంటుంది కానీ ఎక్కకండి, కోర్సో కవూర్ వీధిలో నడవండి, ఓ పావుగంట ఇరవై నిమిషాలు. కారులో వస్తే పాత ఊళ్ళోకి తీసుకెళ్ళొద్దు, జెడ్‌టీఎల్ జోన్ (బయటి కార్లకి అనుమతి లేని చోటు) కెమెరాలు నంబర్ ప్లేట్ ఫోటో తీస్తాయి, నెలల తర్వాత ఫైన్ ఇంటికొస్తుంది, మీరు తీసిన ఫోటోల కంటే అదే క్లియర్‌గా ఉంటుంది. కింద కాంపో దెల్లా ఫియేరా పార్కింగ్‌లో పెట్టి ఎస్కలేటర్ మీద పైకి రండి.

సామాను తక్కువ పెట్టుకోండి. ఒక వైడ్ లెన్స్, అంటే ఎక్కువ మేర పట్టేది (16-35 ఎంఎం గానీ ఫోన్‌లోని అల్ట్రా వైడ్ గానీ), ఒక 70-200 లాంటి టెలి, అంటే దూరంవాటిని దగ్గరికి లాగేది, రాత్రికి చిన్న ట్రైపాడ్. జనాలు వైడ్ గురించే ఆలోచిస్తారు, నాకైతే ఇక్కడ ఎక్కువ పని చేసింది టెలినే, ఎందుకో కింద చెప్తా.

స్టెప్ 3: మొదటి అరగంట కెమెరా తీయకండి

ఈ మాట చెప్తే మా ఫ్రెండ్స్ నవ్వుతారు, కానీ ఈ గోడని చదవకుండా తీస్తే అందరి ఫోటోలాగే వస్తుంది. చర్చికి 1290లో పునాది వేశారు, 1310లో సియెనా నుంచి వచ్చిన శిల్పి లోరెంజో మైతానీ పని చేపట్టి 1330లో చనిపోయేదాకా చేశాడు, ఆ తర్వాత కూడా శతాబ్దాలు పట్టింది. గోడ కిందిభాగంలో నాలుగు వెడల్పాటి స్తంభాలున్నాయి, వాటి మీద పాలరాయిలో చెక్కిన కథలు. ఎడమ చివర సృష్టి కథ, కుడి చివర తుది తీర్పు, మధ్యలో రెంటి మీదా మిగతా బైబిల్ కథలు. వాటి పైన నాలుగు కంచు బొమ్మలు, దేవదూత, సింహం, ఎద్దు, గద్ద, నలుగురు సువార్తికుల గుర్తులు. ఇంకా పైన గుండ్రటి రోజ్ విండో (పువ్వులా చెక్కిన కిటికీ), శిల్పి ఓర్కాన్యా చేసినది, దాని నడిమధ్యలో క్రీస్తు తల చెక్కి ఉంటుంది, కింద నుంచి మామూలు కంటికి ఒక చుక్కలా కనపడుతుంది, 200 ఎంఎం పెట్టి చూస్తే ముఖం! ఇందుకే టెలి తెమ్మన్నా.

మధ్య తలుపు మాత్రం కొత్తది, ఎమిలియో గ్రెకో చేసిన కంచు తలుపులు, 1970లో పెట్టారు. అప్పట్లో పెద్ద గొడవే అయ్యిందట. నాకు నచ్చాయి, నీడలో కూడా బాగా వస్తాయి. మొజాయిక్‌లు కూడా మీరనుకున్నంత పాతవి కావు, చాలావరకు తర్వాతి శతాబ్దాల్లో మళ్ళీ చేసినవే, అందుకే కొన్ని రంగులు మరీ పెయింటింగ్‌లా కనిపిస్తాయి.

స్టెప్ 4: మొత్తం గోడ ఒకే ఫ్రేమ్‌లో, ఇక్కడే అందరూ పడిపోతారు

మన రాజగోపురం కింద నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే ఏమవుతుందో తెలుసు కదా, పైకి పోనుపోను సన్నబడి వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఇక్కడా అంతే. ఈ గోడ ఎత్తు 50 మీటర్ల పైనే. కెమెరాని ఏమాత్రం పైకెత్తకుండా, నిలువు ఫ్రేమ్‌లో, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 24 ఎంఎం లెన్స్‌తో శిఖరం దాకా పట్టాలంటే లెక్క ప్రకారం దాదాపు 65 మీటర్లు వెనక్కి వెళ్ళాలి. 16 ఎంఎం అయితే ఓ 43 మీటర్లు సరిపోతాయి. స్క్వేర్‌లో వెనక్కి నడుస్తూ పోతే 24కి కావాల్సిన దూరం రాకముందే ఎదురింటి గోడకి వీపు తగులుతుంది. సరే, దారులున్నాయి.

మొదటిది, చర్చికి సరిగ్గా ఎదురుగా మొదలయ్యే సన్న వీధి, వీయా మైతానీ. దాంట్లోకి వెనక్కి నడుచుకుంటూ పోండి. రెండు పక్కలా గోధుమరంగు టఫ్ ఇళ్ళు, మధ్యలో చీలికలా డువోమో. మొత్తం గోడ రాదు, మధ్య తలుపు, రోజ్ విండో, పై శిఖరం వస్తాయి, నిజానికి అంతే చాలు. 35 నుంచి 50 ఎంఎం దాకా ఏదైనా పనిచేస్తుంది. ఇక్కడ ఎక్స్‌పోజర్ జాగ్రత్త: వీధి నీడలో ఉంటుంది, గోడ ఎండలో ఉంటుంది, కెమెరాకి వదిలేస్తే వీధిని వెలిగించి గోడని తెల్లగా కాల్చేస్తుంది. గోడ మీద మీటర్ చేయండి, అంటే వెలుతురు కొలత గోడ నుంచి తీస్కోండి, వీధి నల్లగా పోయినా పర్లేదు, ఫ్రేమ్‌లాగా ఉంటుంది. ఎవరైనా ముసలాయన సంచి పట్టుకుని నడుస్తూ వీధి చివరకి చేరేదాకా ఆగండి, సరిగ్గా వెలుగులోకి అడుగుపెట్టినప్పుడు నొక్కండి. నేను ఆ ఒక్కదానికి ఇరవై నిమిషాలు నిలబడ్డా, నాలుగుసార్లు ఐస్‌క్రీమ్ పట్టుకున్న టూరిస్టులు, ఐదోసారి ఒక ముసలావిడ, చేతిలో రొట్టెల కాగితం సంచి, ఆవిడ నీడ ముందు రాళ్ళ మీద డువోమో వైపు పొడుగ్గా సాగింది. ఆ ట్రిప్‌లో ఫ్రేమ్ కట్టించుకున్నది అదొక్కటే.

రెండోది, పై అంతస్తు. ఎదురుగా ఉన్న పాలాజ్జో ఫైనాలో మ్యూజియం ఉంది. ఎట్రుస్కన్ (రోమన్ల కంటే ముందు ఇక్కడున్నవాళ్ళు), గ్రీకు కుండలు, అందులో ప్రాచీన గ్రీకు కళాకారుడు ఎక్సేకియాస్ గీసిన ఆంఫొరాలు (రెండు పిడుల కూజాలు) కూడా ఉన్నాయి, అవి చూడ్డానికే టికెట్ కొనొచ్చు. కానీ ఫోటోగ్రాఫర్‌కి అసలు లాభం దాని పై అంతస్తు కిటికీలు, డువోమో గోడ సూటిగా ఎదురుగా ఉంటుంది. మీరు ఎత్తులో ఉన్నారు కాబట్టి కెమెరా ఎక్కువ పైకెత్తక్కర్లేదు, గీతలు నిటారుగా వస్తాయి. అద్దం అడ్డం ఉంటే లెన్స్‌ని అద్దానికి ఆనించేయండి, చుట్టూ నల్ల స్కార్ఫ్ గానీ చెయ్యి గానీ కప్పండి, లేకపోతే మీ టీషర్ట్ బొమ్మ రోజ్ విండోలో కనపడుతుంది. అక్కడున్నవాళ్ళని ఒక మాట అడిగి తీయండి.

మూడోది, ఒప్పేసుకుని వంచి తీసి తర్వాత సరిచేయడం. అలా చేస్తే చుట్టూ ఖాళీ బాగా వదలండి, ముఖ్యంగా పైన, ఎందుకంటే లైట్‌రూమ్‌లో గానీ స్నాప్‌సీడ్‌లో గానీ పర్‌స్పెక్టివ్ సరిచేస్తే (వాలిన గీతల్ని నిటారుగా నిలబెడితే) రెండు పక్కలా, పైనా కోసుకుపోతుంది. ఇంకో మాట, పూర్తిగా నిటారుగా చేయకండి. ఓ ఎనభై తొంభై శాతం చాలు, మొత్తం సరిచేస్తే పైభాగం మన మీదకి వంగుతున్నట్టు ఉంటుంది.

నాలుగోది నా ఫేవరెట్, మొత్తం తీయకపోవడం.

స్టెప్ 5: ముక్కలు ముక్కలుగా

ఒంటిగంటకి ఎండ గోడని రాసుకుంటూ పోయే టైంలో స్తంభాల దగ్గరికి వెళ్ళండి. ఎడమ చివర స్తంభంలో ఆదాము నిద్రపోతుంటే దేవుడు వంగి పక్కటెముక తీసే దృశ్యం వెతకండి. ఎండ పక్కనుంచి పడినప్పుడు ప్రతి వేలికీ, ప్రతి బట్ట మడతకీ ఒక సన్నటి నీడ వస్తుంది, అరగంట తర్వాత ఎండ ఎదురుగా వచ్చేసరికి అదే శిల్పం అప్పడంలా చదునుగా అయిపోతుంది. కుడి చివర స్తంభం కిందిభాగంలో నరకం, రాక్షసులు మనుషుల్ని కొరుకుతూ, తాళ్ళతో లాగుతూ, నోళ్ళు తెరిచి అరిచే ముఖాలు. 85 నుంచి 135 ఎంఎం, ఎఫ్/8, ఒక్కో ముఖం విడిగా. చదరంగా క్రాప్ చేసి తొమ్మిది ఫోటోలు పక్కపక్కన పెడితే మొత్తం గోడ ఫోటో కంటే ఎక్కువ చెప్తాయి.

మొజాయిక్‌లకి మూడు దాటాక. బంగారు గాజు ముక్కలు ఒక్కోటి ఒక్కో కోణంలో ఉంటాయి, మీరు రెండడుగులు పక్కకి జరిగితే మెరుపు వేరే చోటికి పోతుంది. కాబట్టి ఒకేచోట నిలబడి పది తీయడం దండగ, స్క్వేర్ ఎడమ నుంచి కుడికి నడుస్తూ పది తీయండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి, హైలైట్ వార్నింగ్ (మరీ తెల్లగా కాలిపోయిన చోట స్క్రీన్ మీద మినుకుమనే గుర్తు) ఆన్ చేసి బంగారం మీద అది మినుకుమనకుండా చూస్కోండి, రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫోటో) నీడలు పైకి లాగొచ్చు కానీ కాలిపోయిన బంగారం తిరిగి రాదు. పోలరైజర్ గురించి చాలామంది అడుగుతారు. పైనున్న గాజు జిగేలు కొంచెం తగ్గుతుంది గానీ లోపలి బంగారు రేకు మెరుపు దాంతో పోదు. పైగా వైడ్ లెన్స్‌కి పెడితే ఆకాశం ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల తెలుపు. నేను బ్యాగ్‌లోంచి తీయలేదు.

పక్క గోడల్ని మాత్రం మర్చిపోకండి, తొంభై శాతం మంది అటు వెళ్ళరు. తెల్ల ట్రావర్టిన్, నల్ల బసాల్ట్, అడ్డ చారలు చారలుగా చర్చి పొడుగునా. పక్కన ఎవరైనా నిలబడితే, ముఖ్యంగా ఒకే రంగు బట్టలేసుకున్న మనిషి, ఫోటో దానంతటదే వచ్చేస్తుంది. మీ ఆవిడ ఎర్ర చీర కట్టుకుంటే ఈ గోడ దగ్గరే నిలబెట్టండి, ముందు గోడ దగ్గర చీర పోటీ పడలేదు. ఒక చిక్కుంది, దూరం నుంచి తీస్తే ఈ చారలు ఫోన్ స్క్రీన్ మీద అలలు అలలుగా ఊగుతున్నట్టు కనపడతాయి, మొయిరే అంటారు. చాలాసార్లు అది స్క్రీన్ మాయే, 100 శాతం జూమ్ చేసి చూస్కోండి, ఫైల్‌లోనే ఉంటే రెండడుగులు ముందుకెళ్ళి మళ్ళీ తీయండి.

స్టెప్ 6: గంట కొట్టే మనిషి, పై నుంచి ఊరు

వీయా దెల్ డువోమో స్క్వేర్‌లో కలిసే మూలలో ఒక చిన్న గడియారం టవర్ ఉంది, దాని మీద కంచు మనిషి బొమ్మ, పేరు మౌరీజియో. 14వ శతాబ్దపువాడు. గంట అయ్యేసరికి సుత్తితో గంట కొడతాడు. ఐదు నిమిషాల ముందే టెలి పెట్టుకుని, 1/500 షట్టర్, బర్స్ట్ మోడ్‌లో (వరసగా ఫోటోలు తీసేది) రెడీగా ఉండండి. ఎక్కువ దెబ్బలు కావాలంటే మధ్యాహ్నం పన్నెండు మంచిది, ఒంటిగంటకి వెళ్తే మీరు ఫోకస్ చేసేలోపు అయిపోతుంది.

తర్వాత అదే వీధిలో వెనక్కి నడిస్తే కోర్సో కవూర్ మీద తోర్రె దెల్ మోరో, 47 మీటర్ల టవర్. టికెట్ కొని మెట్లెక్కితే పెంకుటిళ్ళ కప్పుల సముద్రం మధ్యలో చారల ఓడలాగా డువోమో. చాలామంది ఇది పొద్దున ఎక్కేస్తారు, పొద్దునైతే ఎండ మీ ముఖానికి ఎదురుగా, చర్చి నల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ఆలస్యంగా ఎక్కండి, మూసే టైం కింద బోర్డు మీద చూస్కుని. 70 నుంచి 135 ఎంఎం. పైన గాలి గట్టిగా ఉంటుంది, క్యాప్ పెట్టుకున్న మా తమ్ముడి క్యాప్ ఇప్పటికీ ఎవరింటి పెంకుల మీదో ఉంది.

పొద్దున వచ్చేసినవాళ్ళు ఏం చేయాలి మరి? చర్చి లోపలికి వెళ్ళండి. కింది కిటికీలకి గాజు బదులు పల్చటి అలబాస్టర్ రాయి పెట్టారు, లోపలికి తేనెరంగు వెలుతురు వస్తుంది. సాన్ బ్రీజియో చాపెల్‌లో లూకా సిన్యొరెల్లి 1499 నుంచి 1504 వరకు వేసిన ఫ్రెస్కోలు, చూడకుండా రావడం పాపం. లోపల ఫ్లాష్ వేయకండి, ట్రైపాడ్ బ్యాగ్‌లోనే ఉంచండి, ఫోటోల రూల్ ఏముందో గుమ్మం దగ్గరి బోర్డు చెప్తుంది.

స్టెప్ 7: జనం, వాన, పండగలు

జనం కోసం ఫోటోషాప్‌లో కుస్తీ పడొద్దు. టూర్ బస్సుల గుంపులు భోజనం తర్వాత పల్చబడతాయి, మన లైట్ కూడా అప్పుడే, అదృష్టం. ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళని కొలతగా వాడుకోండి, తలుపు ముందు ఒక్క మనిషి ఉంటేనే ఆ తలుపు ఎంత పెద్దదో అర్థమవుతుంది.

వాన పడితే ఏడవకండి. ఆగాక రాళ్ళ మీద నిలిచిన నీళ్ళ దగ్గర ఫోన్‌ని తలకిందులుగా, లెన్స్ నేలకి ఆనేంత దగ్గరగా పట్టుకోండి, అరచేతంత గుంటలో మొత్తం డువోమో దొరుకుతుంది. ఇందాక చెప్పిన కెమెరా పైకెత్తకుండా తీసే పద్ధతిలో ఫ్రేమ్ కిందిసగం ఖాళీ నేలే కదా, వాన రోజు ఆ సగం కూడా పనికొస్తుంది.

పెంతెకోస్తు పండగ రోజు స్క్వేర్‌లో లా పాలోంబెల్లా అని, పావురం పేరు మీద ఒక వేడుక ఉంటుంది. కోర్పుస్ దోమిని అనే చర్చి పండగకి పాతకాలం దుస్తుల్లో ఊరేగింపు. రెండూ మనుషుల ఫోటోలకి బంగారం, గోడ ఫోటోలకి మాత్రం దండగ, ఆరోజు గోడ కనపడదు.

డ్రోన్ తేవొద్దు. ఊరి మీద, జనం మీద ఎగరేయడానికి సవాలక్ష రూల్స్, మన టూరిస్టులకి తేలేవి కావు. ఫోటోలు మీకోసం, స్టేటస్ కోసం అయితే ఇబ్బంది లేదు, అమ్ముకోవడానికో యాడ్‌కో వాడాలంటే ఇటలీలో ఇలాంటి వారసత్వ కట్టడాల ఫోటోలకి పర్మిషన్, ఫీజు గొడవ ఉంది, ముందే కనుక్కోండి.

స్టెప్ 8: బ్లూ అవర్, చివరి బండి

సూర్యుడు పోయాక ఇరవై ముప్ఫై నిమిషాలు, ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు గోడకి లైట్లు వేస్తారు. నీలం మీద బంగారం. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, రెండు నుంచి ఎనిమిది సెకన్లు, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి. ట్రైపాడ్ లేకపోతే ఫోన్‌ని బ్యాగ్ మీద ఆనించి నైట్ మోడ్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే గోడ నారింజ పండులా వస్తుంది, 3500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి చూస్కోండి. ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక ఇక తీయకండి, సర్దేయండి.

ఇక్కడే ఒక లెక్క ఉంది. జూన్‌లో ఈ బ్లూ అవర్ రాత్రి తొమ్మిది దాటాక వస్తుంది, ఫ్యునిక్యులర్ అంత ఆలస్యం దాకా ఉంటుందని నమ్ముకోకండి, ఎండాకాలం అయితే ఊళ్ళోనే రూమ్ తీస్కోండి. అదే నవంబర్ నుంచి జనవరి వరకు అయితే ఆరింటికల్లా అయిపోతుంది, మధ్యాహ్నం లైట్, సాయంత్రం నీడ, రాత్రి నీలం అన్నీ ఐదు గంటల్లో దొరుకుతాయి, పైగా జనం తక్కువ, కాకపోతే లోయలోంచి పొగమంచు పైకొస్తే రోజంతా గోడ కనపడకపోవచ్చు. కొండెక్కేటప్పుడే ఫ్యునిక్యులర్ స్టేషన్‌లో చివరి ట్రిప్ టైం బోర్డుని ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆరోజు మీరు తీసే మొదటి ఫోటో అదే అవ్వాలి, నేను తీయలేదు, ట్రైపాడ్ భుజాన వేసుకుని స్టేషన్ దాకా చీకట్లో నడిచా.